రేవెన్‌కూ కాకికీ తేడా ఏమిటి? తరచుగా అడిగే ప్రశ్నలు

కాకి ఎలా ఉంటుందో తెలుగువారికి ఒకరు చెప్పవలసిన పని లేదు. రేవెన్ అనే పేరు మాత్రం మనకు ఇంగ్లీషు పాఠాల నుంచి, విదేశీ సినిమాల నుంచి, నిఘంటువుల నుంచి వచ్చింది తప్ప పెరట్లో చెట్టు మీది నుంచి రాలేదు. అందుకే కాస్త పెద్దగా, పూర్తి నలుపుగా ఉన్న కాకి కనబడగానే ఫొటో తీసి ‘ఇది రేవెనేనా?’ అని అడిగేవారు చాలామంది ఉన్నారు. ఆ ప్రశ్నకూ, దాని వెంట వచ్చే మరికొన్ని ప్రశ్నలకూ ఇక్కడ సమాధానాలు ఉన్నాయి.

రేవెన్, కాకి వేర్వేరు పక్షులా, లేక ఒకే పక్షికి రెండు పేర్లా?

ఒకే పక్షికి రెండు పేర్లు కావు, అలాగని సంబంధం లేని రెండు పక్షులూ కావు. కార్విడే అనే పక్షి కుటుంబంలో కార్వస్ అనే ప్రజాతి ఉంది. ప్రపంచంలో ఉన్న కాకులు, రేవెన్‌లు అన్నీ కలిపి సుమారు 45 జాతులు ఆ ఒక్క ప్రజాతిలోనే ఉన్నాయి. మన ఊరకాకి శాస్త్రీయ నామం కార్వస్ స్ప్లెండెన్స్. ఇంగ్లీషువారు విశేషణమేమీ లేకుండా రేవెన్ అన్నప్పుడు వారి మనసులో ఉండే పక్షి కార్వస్ కోరాక్స్. ఇంటిపేరు ఒకటే, పెట్టిన పేర్లు వేరు.

ఇక్కడే ఒక మాట గట్టిగా చెప్పాలి. రేవెన్‌లు ఒక శాఖ, కాకులు మరొక శాఖ అనే విభజన జీవశాస్త్రంలో లేదు. కార్వస్ ప్రజాతిలో పెద్దగా, బరువుగా ఉన్న కొన్ని జాతులను ఇంగ్లీషులో రేవెన్ అన్నారు, మిగిలినవాటిలో ఎక్కువభాగాన్ని క్రో అన్నారు. అది వాడుక భాష పెట్టిన హద్దు.

మరి ఆ హద్దును ఎవరు, ఎలా పెట్టారు?

ఉత్తర ఐరోపా ప్రజల కళ్లెదుట రెండు రకాల నల్లపక్షులు ఉండేవి. కొండల మీద, అడవి అంచున జంటగా తిరిగే పెద్ద పక్షి ఒకటి, పొలాల్లో ఊళ్ల చుట్టూ తిరిగే చిన్న పక్షి మరొకటి. వారి భాషలో రెండింటికీ రెండు పేర్లు ఏర్పడ్డాయి. 1758లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు లిన్నేయస్ పక్షులకు శాస్త్రీయ నామాలు పెట్టినప్పుడు ఆ రెండూ కార్వస్ ప్రజాతిలోనే చేరాయి. ఆ తరువాత ఐరోపావారు ఆస్ట్రేలియాకు, ఆఫ్రికాకు, అమెరికాకు వెళ్లి అక్కడి నల్లపక్షులను చూసి, సొంత ఊరిలో చూసిన ఏ పక్షిని పోలి ఉందనిపిస్తే ఆ పేరే పెట్టారు.

దాని ఫలితం ఆస్ట్రేలియాలో స్పష్టంగా కనబడుతుంది. అక్కడ సహజంగా ఉండే 5 కార్వస్ జాతుల్లో మూడింటికి రేవెన్ అని, రెండింటికి క్రో అని పేర్లు ఉన్నాయి. కాని ఆ అయిదూ ఒకదానికొకటి దగ్గరి చుట్టాలు. అక్కడి రేవెన్‌లకు లండన్ రేవెన్ కంటె పక్కనున్న క్రోతోనే దగ్గరి బంధుత్వం. లిటిల్ రేవెన్ అనే జాతి పొడవు దాదాపు 50 సెంటీమీటర్లు, అంటే మన బొంతకాకి అంతే. కాబట్టి పేరును బట్టి బంధుత్వాన్ని లెక్కకట్టకూడదు. ఇకమీదట ఈ పేజీలో రేవెన్ అంటే, వేరే చెప్పకపోతే, ఉత్తరార్ధగోళమంతటా ఉండే కార్వస్ కోరాక్స్ అనే అర్థం చేసుకోవాలి.

మా ఊళ్లో పూర్తిగా నల్లగా, పెద్ద ముక్కుతో ఒక కాకి కనబడుతోంది. అది రేవెనేనా?

కాదు. ఆంధ్రప్రదేశ్‌లోగాని, తెలంగాణలోగాని రేవెన్ నివసించదు. మీరు చూసింది బొంతకాకి. మన రెండు రాష్ట్రాల్లో మామూలుగా కనబడే కాకులు రెండే రకాలు, ఆ రెండింటినీ విడదీయడం వస్తే సగం సందేహాలు అక్కడే తీరిపోతాయి.

మొదటిది ఊరకాకి. దీని మెడ, వీపు పైభాగం, రొమ్ము బూడిద రంగులో ఉంటాయి. నుదురు, గొంతు, రెక్కలు, తోక మాత్రం నిగనిగలాడే నలుపు. ఊరకాకి మనిషిని విడిచి ఉండదు. ఇళ్లు, బజారు, చేపల రేవు, చెత్తకుప్ప, రైల్వే స్టేషను, ఇవే దాని అడవి. రెండవది బొంతకాకి. ఇది తల నుంచి తోక దాకా నల్లగా ఉంటుంది, ముక్కు మందంగా, పైభాగం విల్లులా వంగి ఉంటుంది. దీని శాస్త్రీయ నామం కార్వస్ కల్మినేటస్. ఆసియా అంతటా ఉండే పెద్దముక్కు కాకిలోనే దీన్ని ఒక భాగంగా లెక్కించే శాస్త్రజ్ఞులూ ఉన్నారు. ఊరి చివరి చింతతోపుల్లో, పొలాల్లో, అడవుల్లో ఎక్కువగా ఉంటుంది, ఊళ్లలోకీ వస్తుంది.

మా ఇంటి పిట్టగోడ మీద ఈ రెండూ పక్కపక్కన వాలడం నేను ఎన్నో ఉదయాలు చూశాను. ఊరకాకి ఎండిన అప్పడం ముక్కను ముక్కున కరుచుకుని నేరుగా నీళ్ల తొట్టె దగ్గరకు వెళుతుంది. ముక్కను ఒకసారి ముంచి, బయటకు తీసి, కాలి కింద పెట్టి పొడిచి చూసి, ఇంకా గట్టిగా ఉంటే మళ్లీ ముంచుతుంది. ఇంతలో బొంతకాకి వచ్చి గోడ అంచున బరువుగా వాలితే, ఊరకాకి రెండు గెంతులు పక్కకు వేసి చోటిస్తుంది. ఒంటరిగా ఉన్నప్పుడే ఈ మర్యాద. నాలుగు ఊరకాకులు చేరితే బొంతకాకినే తరిమేస్తాయి. రెండింటినీ అలా ఒక్క చూపులో చూసినవారికి బూడిద మెడ ఏదో, నల్ల మెడ ఏదో మళ్లీ చెప్పవలసిన అవసరం ఉండదు.

భారతదేశంలో అసలు రేవెన్ ఎక్కడ ఉంది?

రెండు చోట్ల ఉంది. ఒకటి హిమాలయాల్లో చెట్టు మొలవని ఎత్తైన ప్రాంతం, ముఖ్యంగా లదాఖ్. అక్కడి రేవెన్‌లు ప్రపంచంలోని రేవెన్‌లలోనే పెద్దవాటిలో ఒకటి. ఎవరెస్టు శిఖరం మీద 6,350 మీటర్ల ఎత్తున కూడా రేవెన్ కనబడినట్టు నమోదయింది. రెండవది వాయవ్య భారతంలోని పొడి ప్రాంతాలు, అంటే రాజస్థాన్, పంజాబ్ వైపు. ఎడారి రేవెన్‌లు హిమాలయాలవాటి కంటె కాస్త చిన్నవి.

హిమాలయాల్లో ఒక చిక్కు ఉంది. అక్కడ ఊళ్ల దగ్గరా, అడవుల్లోనూ పెద్దముక్కు కాకులు కూడా ఉంటాయి, యాత్రకు వెళ్లినవారు వాటినే రేవెన్ అనుకుంటారు. లదాఖ్‌లో ఎర్ర ముక్కుతో, పసుపు ముక్కుతో కనబడే నల్లపక్షులు మరో ప్రజాతికి చెందినవి. వాటి పేరు చఫ్. ముక్కు రంగులో ఉంటే అది కాకీ కాదు, రేవెనూ కాదు.

ఎగురుతున్న పక్షిని కింద నుంచి చూసి ఎలా గుర్తుపట్టాలి?

తోక చూడాలి. మిగిలిన గుర్తులన్నీ దీని తరువాతే. కాకి తోక ఈకలన్నీ దాదాపు ఒకే పొడవు ఉంటాయి కాబట్టి తోక విప్పినప్పుడు విసనకర్ర అంచులా గుండ్రంగా కనబడుతుంది. రేవెన్ తోకలో నడిమి ఈకలు పొడవుగా, పక్కకు పోయేకొద్దీ పొట్టిగా ఉంటాయి. అందువల్ల విప్పిన తోక చివర కోసుగా, గాలిపటం కింది మూలలా కనబడుతుంది. తోక ముడిచి ఉన్నప్పుడు ఈ తేడా తెలియదు, పక్షి మలుపు తిరిగేదాకా ఓపిక పట్టాలి. హిమాలయాల పెద్దముక్కు కాకి తోక కూడా కొద్దిగా కోసుగా ఉంటుంది కాబట్టి అక్కడ తోకతో పాటు పరిమాణం, గొంతు, ఎగిరే తీరు కలిపి చూడాలి.

ఎగిరే తీరు మరో మంచి గుర్తు. కాకి రెక్కలు కొడుతూనే వెళుతుంది, మధ్యలో కాసేపు తేలినా అది ఎక్కువసేపు సాగదు. రేవెన్ గద్దలాగా రెక్కలు చాపి గాలిలో తేలుతుంది, వలయాలు తిరుగుతూ పైకి పోతుంది. అంతటితో ఆగక గాలిలో పల్టీ కొడుతుంది, వెల్లకిలా తిరిగి కొంత దూరం అలాగే జారి మళ్లీ సరిగా తిరుగుతుంది. జత కట్టే కాలంలో ఈ విన్యాసాలు ఎక్కువ. అయినా ఆ కాలం కానప్పుడు కూడా ఒంటరి రేవెన్ అలా పల్టీలు కొట్టడం ఉంది, చూసినవారికి అది ఆట కాదంటే నమ్మబుద్ధి కాదు.

లదాఖ్‌లో ఒక కనుమ దగ్గర వాహనం దిగి నిలబడినప్పుడు నేను మొదట విన్నది రేవెన్ అరుపు కాదు, దాని రెక్కల చప్పుడు. తల మీదుగా తక్కువ ఎత్తులో వెళ్లింది. గాలి పలచగా, చుట్టూ నిశ్శబ్దంగా ఉన్న ఆ చోట ప్రతి రెక్క దెబ్బా గంజిపెట్టిన చీరను దులిపినట్టు వినబడింది. ఊరకాకి మన తల మీదుగా రోజుకు పదిసార్లు ఎగిరినా ఇలాంటి చప్పుడు చెవిన పడదు.

దగ్గరగా వాలి ఉన్నప్పుడు ఏం చూడాలి?

ముక్కు, గొంతు. రేవెన్ ముక్కు పొడవుగా, బలంగా, చివర కొద్దిగా కిందికి వంగి ఉంటుంది. ముక్కు పైభాగంలో సగం దాకా గరుకైన వెంట్రుకల్లాంటి ఈకలు కప్పి ఉంటాయి. గొంతు కింద ఈకలు పొడవుగా, మొనదేలి, గడ్డంలా వేలాడతాయి. రేవెన్ అరిచినప్పుడు, ఎదుటి రేవెన్‌ను బెదిరించినప్పుడు ఆ గడ్డం ఉబ్బుతుంది. కాకి గొంతు నున్నగా ఉంటుంది. బొంతకాకి ముక్కు కూడా మందమే కనుక మనవారు పొరబడేది ముక్కు దగ్గరే. గొంతు కింద గడ్డం ఉందా లేదా అని చూస్తే ఆ పొరబాటు జరగదు.

పరిమాణంలో ఎంత తేడా?

ఊరకాకి పొడవు సుమారు 40 సెంటీమీటర్లు, బరువు 250 నుంచి 350 గ్రాములు. రేవెన్ పొడవు 60 సెంటీమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది, బరువు ఒక కిలో దాటడం సాధారణం, పెద్దవి 2 కిలోల దాకా తూగుతాయి. రెక్కలు చాపితే ఈ కొస నుంచి ఆ కొసకు 115 నుంచి 150 సెంటీమీటర్లు. మన ఊళ్లపై తిరిగే గద్దను ఊహించుకుంటే రేవెన్ ఎంత పెద్దదో తెలుస్తుంది. చీలిన తోక తీసేసి కోసు తోక పెట్టి, ఒంటి నిండా నలుపు పూసి, ఇంకాస్త బరువు కలపాలి. బొంతకాకి ఊరకాకికీ రేవెన్‌కూ మధ్యలో ఉంటుంది.

అరుపులో తేడా తెలుస్తుందా?

కళ్లకంటె ముందు చెవికే తెలుస్తుంది. ఊరకాకిది సన్నగా, కాస్త ముక్కుతో పలికినట్టుండే ‘కా, కా’. బొంతకాకిది అదే మాట అయినా గొంతు లోతుగా, బొంగురుగా ఉంటుంది. రేవెన్ అరుపు కాకి అరుపులా ఉండదు. గొంతు లోపలి నుంచి దొర్లి వచ్చే ‘క్రుర్క్, క్రుర్క్’ అనే శబ్దం అది, కొండల్లో చాలా దూరం వినబడుతుంది. దానితో పాటు ఖాళీ కుండను తట్టినట్టు, నీటిచుక్క పడినట్టు, గంట మోగినట్టు అనేక రకాల శబ్దాలు చేస్తుంది. పెంపుడు రేవెన్‌లు మనిషి మాటలను అనుకరిస్తాయి.

ఈ సందర్భంలో తెలుగువారికి ఆశ్చర్యం కలిగించే ఒక విషయం చెప్పాలి. పక్షిశాస్త్రంలో పాడే పక్షులు అనే ఒక వర్గం ఉంది. స్వరపేటిక నిర్మాణాన్ని, వంశక్రమాన్ని బట్టి ఆ వర్గాన్ని నిర్ణయిస్తారు. కాకి, రేవెన్ రెండూ ఆ వర్గానికి చెందినవే. కోయిల మాత్రం అందులో లేదు, అది వేరే క్రమానికి చెందిన పక్షి. మన కవిత్వమంతా కోయిలకు కట్టబెట్టిన కిరీటం శాస్త్రం లెక్కలో కాకి తల మీద ఉంది.

కాకులు గుంపుగా ఉంటాయి కదా, రేవెన్‌లు కూడా అంతేనా?

పెద్ద రేవెన్‌లు జంటగా ఉంటాయి. ఒక జంట కొంత ప్రాంతాన్ని తమదిగా చేసుకుని, ఇతర రేవెన్‌లను రానివ్వకుండా ఏళ్ల తరబడి అక్కడే ఉంటుంది. జత కట్టని కుర్ర రేవెన్‌లు మాత్రం గుంపులుగా తిరుగుతాయి. అమెరికాలోని మెయిన్ రాష్ట్రపు అడవుల్లో బెర్న్‌డ్ హైన్‌రిక్ అనే జీవశాస్త్రజ్ఞుడు ఈ విషయాన్ని ఏళ్ల తరబడి గమనించాడు. చలికాలంలో ఒక చచ్చిన జంతువు దొరికితే, దాన్ని చూసిన కుర్ర రేవెన్ నోరు మూసుకుని తినకుండా గట్టిగా అరిచి ఇతరులను ఎందుకు పిలుస్తుందన్నది ఆయన ప్రశ్న. ఆ ప్రాంతం మీద హక్కున్న జంట ఒంటరి కుర్ర రేవెన్‌ను తరిమేస్తుంది, పది ఇరవై కలిసి వస్తే తరమలేదు. అందరినీ పిలిస్తేనే తనకూ ముద్ద దక్కుతుంది.

ఊరకాకుల సంగతి మనకు తెలిసిందే. పగలు తిండి కోసం విడిపోయినా, సాయంత్రం ఒక పెద్ద చెట్టు మీదికో చెట్ల వరుస మీదికో వందల్లో చేరుతాయి. ఒక కాకి చచ్చి పడితే చుట్టుపక్కల కాకులన్నీ చేరి గోల చేస్తాయి.

తిండి విషయంలో ఏమైనా తేడా ఉందా?

రెండూ సర్వభక్షకాలే. గింజలు, పండ్లు, పురుగులు, గుడ్లు, చచ్చిన జంతువులు, మనిషి పారేసినవి, ఏదైనా తింటాయి. తేడా తిండి దొరికే చోటులో ఉంది. ఊరకాకి మన వంటింటి గడప మీద బతుకుతుంది, రేవెన్ వేటజంతువుల వెంట బతుకుతుంది. చచ్చిన దుప్పి చర్మాన్ని చీల్చే బలం రేవెన్ ముక్కుకు లేదు, తోడేలు పళ్లకు ఉంది. 1995లో అమెరికాలోని ఎల్లోస్టోన్ జాతీయవనంలోకి తోడేళ్లను తిరిగి తెచ్చి వదిలాక, రేవెన్‌లు తోడేళ్ల గుంపుల వెంటే తిరుగుతూ వేట పూర్తయ్యేసరికే అక్కడ హాజరు కావడాన్ని పరిశోధకులు నమోదు చేశారు. దొరికిన మాంసాన్ని అక్కడే తినేయక, కొంత తీసుకుపోయి మంచులోనో మట్టిలోనో దాచుకోవడం రేవెన్ అలవాటు.

గూడు, గుడ్లు, పిల్లల పెంపకం ఎలా ఉంటాయి? రేవెన్ కూడా కోయిల పిల్లలను పెంచుతుందా?

రేవెన్ కొండచరియల మీద, లేదా ఎత్తైన చెట్ల మీద పుల్లలతో పెద్ద గూడు కడుతుంది, అదే గూటిని బాగుచేసుకుంటూ చాలా ఏళ్లు వాడుతుంది. 3 నుంచి 7 గుడ్లు పెడుతుంది. ఆడపక్షి సుమారు మూడు వారాలు పొదుగుతుంది, మగపక్షి దానికి తిండి తెచ్చి పెడుతుంది. ఊరకాకి మన వీధి చెట్టు కొమ్మల్లో, ఒక్కోసారి కరెంటు స్తంభాల మీద గూడు కడుతుంది. నగరాల్లో పుల్లలు దొరకని చోట ఇనుప తీగలతోనే కట్టిన గూళ్లు కూడా ఉన్నాయి. సాధారణంగా 3 నుంచి 5 గుడ్లు పెట్టి 16, 17 రోజులు పొదుగుతుంది.

కోయిల ఎంచుకునేది ఈ ఊరకాకి గూటినీ, బొంతకాకి గూటినీ. హిమాలయాల్లో రేవెన్ ఉండే ఎత్తైన కొండల్లో కోయిల ఉండదు కాబట్టి ఆ బాధ అక్కడి రేవెన్‌కు లేదు. కోయిల గుడ్డు 12 నుంచి 14 రోజుల్లోనే పిల్ల అవుతుంది, కాబట్టి కాకి పిల్లల కంటె ముందే నోరు తెరిచి తిండి అడుగుతుంది. కాకి పిల్ల కాకికి ముద్దు అన్న సామెత మనకు ఉంది, కాని ఆ గూటిలో కాకి ముద్దు చేసేది కోయిల పిల్లను కూడా. ఈ సంగతిని మన పూర్వులు ఎంత నిశితంగా చూశారో అమరకోశంలోని పర్యాయపదాలు చెబుతాయి. అందులో కాకికి పరభృత్ అని పేరు, అంటే పరాయివారిని పోషించేది. కోయిలకు పరభృత అని పేరు, అంటే పరాయివారి చేత పోషించబడినది. ఒక్క అక్షరం మార్పుతో రెండు పక్షుల బతుకూ చెప్పిన ఆ జంట పదాలంటే నాకు ఎంతో ఇష్టం.

ఇంకొక సందేహం కూడా ఇక్కడే తీర్చాలి. మగకోయిల ఒళ్లంతా నలుపు కాబట్టి కొమ్మల మాటున చూసినవారు దాన్ని చిన్న కాకి అనుకుంటారు. దాని కన్ను ఎర్రగా, ముక్కు లేత ఆకుపచ్చగా, తోక పొడవుగా ఉంటుంది.

రెండింటిలో ఏది తెలివైనది?

ఎక్కువ తక్కువలు తేల్చడం కుదరదు, ఎందుకంటే ఒక్కో జాతిని ఒక్కో రకంగా పరీక్షించారు. అయితే ఆ పరీక్షలు ఒక్కొక్కటీ చెప్పుకోదగినవే.

హైన్‌రిక్ 1990ల్లో చేసిన ప్రయోగం సరళమైనది. కొమ్మకు దారం కట్టి, దాని చివర మాంసం ముక్క వేలాడదీశాడు. రేవెన్ కొమ్మ మీద కూర్చుని దారాన్ని ముక్కుతో కొంత పైకి లాగి, లాగిన దారాన్ని కాలితో తొక్కిపట్టి, మళ్లీ లాగి, ఇలా అంచెలంచెలుగా మాంసాన్ని అందుకుంది. అంతకుముందు దారంతో వేలాడే మాంసాన్ని ఎన్నడూ చూడని పక్షులు అవి. వియన్నాకు చెందిన టోమస్ బుగ్న్యార్ బృందం 2016లో ప్రకటించిన ప్రయోగం ఇంకా లోతైనది. రేవెన్ ఉన్న గదికి పక్క గదిలో మరొక రేవెన్ లేదు, దాని అరుపుల రికార్డు మాత్రమే ఉంది. మధ్య గోడలోని చిన్న రంధ్రం తెరిచి ఉన్నప్పుడు రేవెన్ తిండిని గబగబా, జాగ్రత్తగా దాచింది. రంధ్రం మూసి ఉన్నప్పుడు ఆ తొందర లేదు. అంటే కనబడని మరొక రేవెన్ ఆ రంధ్రంలోంచి తనను చూడగలదన్న ఊహ దానికి ఉంది. 2017లో స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయం వారు, తరువాత పనికొచ్చే పనిముట్టును రేవెన్‌లు ఎంచుకుని 17 గంటల దాకా దాచిపెట్టుకున్నాయని చూపించారు.

కాకుల వైపు చూస్తే, పసిఫిక్ సముద్రంలోని న్యూ కాలెడోనియా ద్వీపపు కాకులు అడవిలోనే పుల్లలను కొక్కేలుగా మలిచి చెట్టు తొర్రల్లోని పురుగులను బయటకు లాగుతాయి. జపాన్‌లోని సెండాయ్ నగరంలో కాకులు అక్రోట్లను రోడ్డు మీద పెట్టి, కార్ల చక్రాల కింద పగిలాక తింటాయి. అమెరికాలోని సియాటెల్‌లో జాన్ మార్జ్‌లఫ్ బృందం ఒక వికృతమైన ముసుగు ధరించి కొన్ని కాకులను పట్టుకుని, గుర్తులు వేసి, వదిలిపెట్టింది. ఆ తరువాత ఏళ్ల తరబడి ఆ ముసుగుతో ఎవరు నడిచినా కాకులు వెంటపడి అరిచాయి. పట్టుబడని కాకులు, అప్పటికి పుట్టని కాకులు కూడా ఆ ముఖాన్ని ఇతర కాకుల నుంచి నేర్చుకున్నాయి. కాకి పగబడుతుందని మన ఇళ్లలో పెద్దవాళ్లు చెప్పే మాటలో పరిశీలన ఉంది. గూటిని కదిలించిన మనిషి తలను మరునాడు వెతుక్కుంటూ వచ్చి తన్నే కాకిని పల్లెల్లో చూడనివారు తక్కువ.

కాకి ఒకే కంటితో చూస్తుందంటారు. రేవెన్ కూడా అంతేనా?

రెండింటికీ రెండు కళ్లూ పనిచేస్తాయి. రామాయణంలోని కాకాసురుడి కథ వల్ల మనకు ఈ నమ్మకం వచ్చింది. కళ్లు తలకు రెండు పక్కలా ఉండటం వల్ల, ఒక వస్తువును నిశితంగా చూడాలంటే కాకి తల పక్కకు తిప్పి ఒక కన్ను దాని వైపు పెడుతుంది. రేవెన్ కూడా అలాగే చేస్తుంది.

వేర్వేరు కాకి జాతులు కలిసి పిల్లలను కంటాయా?

కొన్ని కంటాయి. ఐరోపాలో పూర్తి నల్లకాకి, బూడిద ఒంటి కాకి నివసించే ప్రాంతాలు కలిసే చోట మిశ్రమ సంతానం పుడుతుంది. రేవెన్‌ల చరిత్ర ఇంకా విచిత్రమైనది. ఉత్తర అమెరికాలో రెండు రేవెన్ వంశాలు పది లక్షల ఏళ్లకు పైగా విడివిడిగా ఉండి, వేర్వేరు జాతులుగా మారే దారిలో చాలా దూరం వెళ్లి, తిరిగి కలిసిపోయాయని 2018లో వెలువడిన జన్యు పరిశోధన తేల్చింది. ఒక జాతి రెండుగా చీలడం పాఠాల్లో చదువుతాం, చీలినవి మళ్లీ ఒకటవడానికి రేవెన్ మంచి ఉదాహరణ.

విదేశాల్లో ఉన్న మేము రోజూ చూసే నల్లపక్షి ఏది?

ఉండే చోటును బట్టి మారుతుంది. దుబాయ్, మస్కట్ వంటి గల్ఫ్ నగరాల్లో కనబడేది అచ్చంగా మన ఊరకాకే. ఓడల మీద వెళ్లి అక్కడ స్థిరపడింది. తూర్పు ఆఫ్రికా తీరానికి, సింగపూర్‌కు, నెదర్లాండ్స్‌లోని ఓడరేవుకు కూడా చేరింది. కెన్యాలో వాటి బెడద ఎక్కువై 2024లో పది లక్షల కాకులను నిర్మూలించాలని ప్రభుత్వం నిర్ణయించింది. గల్ఫ్‌లో నగరం దాటి ఎడారిలోకి వెళితే కనబడే గోధుమ మెడ నల్లపక్షి మాత్రం రేవెనే, అయితే వేరే జాతి రేవెన్.

అమెరికాలో ఎక్కువచోట్ల ఉండేది అమెరికన్ క్రో. మెడ బూడిద కాదు, ఒళ్లంతా నలుపే. సియాటెల్ దగ్గరి బోథెల్ ఊరిలోని విశ్వవిద్యాలయ ప్రాంగణానికి చలికాలం సాయంత్రాల్లో వేల సంఖ్యలో చేరేవి ఇవే. కాలిఫోర్నియాలో క్రో, రేవెన్ రెండూ ఉంటాయి కాబట్టి తోక చూడటం అక్కడ బాగా అలవాటవుతుంది. డాలస్, హ్యూస్టన్ దుకాణాల పార్కింగ్ స్థలాల్లో పొడవాటి తోకతో, లేత పసుపు కళ్లతో మెరిసే నల్లపక్షిని మనవారు కాకి అంటారు. అది గ్రాకుల్, కాకి కుటుంబానికే చెందదు. ఇంగ్లండులో పొలాల్లో గుంపుగా తిరిగే, ముక్కు మొదలు తెల్లగా బోడిగా ఉండే పక్షి రూక్. మెల్‌బోర్న్‌లో ఎక్కువగా కనబడేది లిటిల్ రేవెన్. సిడ్నీలో పసిపిల్ల ఏడ్చినట్టు అరుపు చివర సాగదీసేది ఆస్ట్రేలియన్ రేవెన్.

పిండం ముట్టే కాకి ఏది? రేవెన్‌కు అక్కడ అలాంటి స్థానం ఉందా?

మన దగ్గర పిండం ముట్టేది ఎక్కువగా ఊరకాకి, కొన్నిచోట్ల బొంతకాకి. శాస్త్రం ఈ రెంటి మధ్య భేదం చూపినట్టు పురోహితులెవరూ నాకు చెప్పలేదు. అమరకోశంలో కాకికి బలిభుక్ అని కూడా పేరుంది, బలి అన్నాన్ని తినేదని అర్థం. పిండం పెట్టి దూరంగా నిలబడి, కాకి రాకపోతే పోయినవారి తీరని కోరిక ఏమిటని ఇంటివారు తడుముకునే ఆ కాసేపు, ఒక పక్షి కోసం మనుషులు అంత ఆర్తితో ఎదురుచూడటం మరెక్కడా నేను చూడలేదు.

ఉత్తర ఐరోపాలో ఆ గౌరవం రేవెన్‌ది. నార్స్ పురాణాల్లో ఓడిన్ దేవుడి భుజాల మీద హుగిన్, మునిన్ అనే రెండు రేవెన్‌లు ఉంటాయి. అవి లోకమంతా తిరిగి వచ్చి ఆయన చెవిలో వార్తలు చెబుతాయి. లండన్ టవర్ కోటలో కనీసం 6 రేవెన్‌లు ఎప్పుడూ ఉండాలని, అవి వెళ్లిపోతే రాజ్యం కూలుతుందని ఒక నమ్మకం ఉంది. వాటిని చూసుకోవడానికి ప్రత్యేకంగా ఒక ఉద్యోగి ఉన్నాడు. అటువంటి సంరక్షణలో 40 ఏళ్లు దాటి బతికిన రేవెన్ కూడా ఉంది. అడవిలో ఉండేవాటి ఆయుష్షు అంతకంటె చాలా తక్కువ.

మన దేశంలో కాకిని చంపవచ్చా?

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఊరకాకి పేరు చాలాకాలం హానికర జంతువుల జాబితాలో, ఎలుకల సరసన ఉండేది. 2022 సవరణతో ఆ జాబితానే తీసివేశారు, అది 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. ఎన్నో ఏళ్ల కిందటే జరగవలసిన మార్పు అది.

రేవెన్‌ను తెలుగులో ఏమని రాయాలి?

అనువాదకులు, ఉపాధ్యాయులు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. నిఘంటువుల్లో కాకోలం అని, బొంతకాకి అని కనబడుతుంది. కులం పేరు తగిలించిన మరొక పదం కూడా వాడుకలో ఉంది, దాన్ని విడిచిపెట్టడమే సరైనదని నా అభిప్రాయం. బొంతకాకి అని రాస్తే పాఠకుడి మనసులోకి చింతచెట్టు మీది పక్షి వస్తుంది, మంచుకొండ మీది పక్షి రాదు. కాకోలం అమరకోశంలో ద్రోణకాకానికి పర్యాయంగా ఉన్న మంచి మాట, పెద్దకాకి అని స్ఫురిస్తుంది. కాని అదే మాటకు ఒక విషం అనే అర్థం కూడా ఉంది, నేటి పాఠకుల్లో చాలామందికి రెండు అర్థాలూ తెలియవు. అందుకని నేను రేవెన్ అనే రాస్తాను. మొదటిసారి వచ్చిన చోట ‘కాకుల్లోకెల్లా పెద్దది, కోసు తోకది’ అని ఒక్క ముక్క చేర్చి, ఆ తరువాత కథను దాని దారిన నడవనిస్తాను. ఉత్తి కాకి అని రాయడం మాత్రం పొరబాటు. ఓడిన్ భుజం మీద ఊరకాకిని కూర్చోబెడితే, బూడిద మెడ పక్షి ఆ మంచుదేశానికి ఎలా వచ్చిందని కాకిని రోజూ చూసే పిల్లవాడే అడుగుతాడు.